వ్యసన విముక్తి కౌన్సెలింగ్

'''వ్యసన విముక్తి కౌన్సెలింగ్''' అనగా మద్యం, గంజాయి, నల్లమందు, హెరాయిన్, నిద్రమాత్రలు, పొగాకు వంటి మత్తు పదార్థాలకు అలవాటుపడి, మానుకోలేని స్థితికి చేరిన వ్యక్తులకు, వారి కుటుంబ సభ్యులకు శిక్షణ పొందిన సలహాదారులు అందించే వృత్తిపరమైన సహాయం. ఈ సహాయం ప్రధానంగా సంభాషణ రూపంలో ఉంటుంది. ఈ పని చేసేవారిని వ్యసన విముక్తి కౌన్సెలర్లు లేదా డీ-అడిక్షన్ కౌన్సెలర్లు అంటారు. వీరు మందులు వ్రాయరు. మందులు వ్రాయడం మానసిక వైద్యుని పని. మత్తు పదార్థం మానాలన్న సంకల్పం కలిగించడం, మానిన తరువాత జీవితాన్ని తిరిగి నిలబెట్టుకోవడానికి తోడ్పడటం కౌన్సెలర్ పని. నీతిబోధ చేయడం, భయపెట్టడం, ఒట్టు వేయించుకోవడం కౌన్సెలింగ్ అనిపించుకోవు.

== వ్యసనం - నిర్వచనం ==

పూర్వం వ్యసనాన్ని నడవడిక లోపంగా భావించేవారు. భారతీయ సంప్రదాయంలో సప్త వ్యసనాలలో ఒకటిగా పానాన్ని లెక్కించడం ఇందుకు ఉదాహరణ. ఆధునిక వైద్యశాస్త్రం దీనిని మెదడు, మనస్సు, సామాజిక పరిస్థితులు మూడూ కలిసి కలిగించే ఆరోగ్య సమస్యగా గుర్తించింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన వ్యాధుల వర్గీకరణ పదవ కూర్పు ప్రకారం క్రింది ఆరు లక్షణాలలో కనీసం మూడు గడచిన సంవత్సర కాలంలో కనిపిస్తే, ఆ వ్యక్తి ఆ పదార్థంపై ఆధారపడినట్లు నిర్ధారిస్తారు.

* ఆ పదార్థం కావాలనే బలమైన యావ
* ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంతలో ఆపాలి అన్నదానిపై అదుపు లేకపోవడం
* మానినపుడు వణుకు, చెమటలు, నిద్రలేమి వంటి బాధలు కలగడం
* మునుపటి మత్తు కోసం మోతాదు పెంచవలసి రావడం
* ఇతర ఆసక్తులను, బాధ్యతలను క్రమంగా వదిలివేయడం
* హాని జరుగుతున్నదని తెలిసినా కొనసాగించడం

ఈ వర్గీకరణ పదకొండవ కూర్పు 2022 జనవరి నుండి అమలులోకి వచ్చింది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన డి.ఎస్.ఎం.-5 లో 11 లక్షణాలు ఉన్నాయి. వాటిలో 2 లేదా 3 ఉంటే స్వల్పం, 4 లేదా 5 ఉంటే మధ్యస్థం, 6 లేదా అంతకు మించి ఉంటే తీవ్రం. అందువలన ప్రస్తుతం "తాగుబోతు", "కానివాడు" అన్న రెండే తరగతులుగా మనుషులను విభజించడం లేదు. సమస్య ఏ మెట్టు మీద ఉన్నదో చూసి దానికి తగిన సహాయం నిర్ణయిస్తారు.

== చరిత్ర ==

ఈ వృత్తి అమెరికాలో రూపుదిద్దుకున్నది. బోస్టన్ నగరంలోని ఇమ్మాన్యుయేల్ చర్చి ఆధ్వర్యంలో 1906లో ప్రారంభమైన వైద్య సహాయ కార్యక్రమంలో కోర్ట్‌నీ బేలర్ అనే వ్యక్తి చికిత్స పొంది మద్యం మానాడు. 1913లో ఆ సంస్థ అతనినే జీతమిచ్చి సలహాదారుగా నియమించింది. వ్యసనం నుండి బయటపడిన వ్యక్తి ఇతరులకు సహాయపడటం వృత్తిగా మారడానికి ఇది తొలి ఉదాహరణలలో ఒకటి.

1935లో ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ పట్టణంలో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ కలిసి ''ఆల్కహాలిక్స్ అనానిమస్'' ను స్థాపించారు. పేరు బయటపెట్టకుండా ఒకరి అనుభవాన్ని మరొకరితో పంచుకునే ఈ సంఘాల పన్నెండు మెట్ల పద్ధతి 1939 నాటి వారి పుస్తకంతో ప్రపంచమంతటా వ్యాపించింది. సభ్యుల కుటుంబాల కొరకు ''అల్-అనాన్'' 1951లో ఏర్పడింది.

1950 ప్రాంతాలలో మిన్నెసోటా రాష్ట్రంలో వైద్యులు, మనస్తత్వవేత్తలు, వ్యసనం నుండి కోలుకున్నవారు ఒకే బృందంగా పనిచేసే పద్ధతి రూపొందింది. 1954లో ఆ రాష్ట్ర ప్రభుత్వం "మద్యపాన వ్యసన కౌన్సెలర్" అనే ఉద్యోగాన్ని సృష్టించడంతో ఈ పనికి అధికారిక గుర్తింపు లభించింది.

ఆ కాలంలో అనేక కేంద్రాలలో రోగిని నలుగురిలో నిలబెట్టి నిలదీసే పద్ధతి ఉండేది. 1983లో విలియం మిల్లర్ ప్రచురించిన వ్యాసం ఈ ధోరణిని మార్చింది. గట్టిగా వాదించిన కొద్దీ రోగి తన అలవాటును మరింత గట్టిగా సమర్థించుకుంటాడని మిల్లర్ వివరించాడు. 1991లో స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి ఆయన వ్రాసిన పుస్తకంతో ప్రేరణాత్మక సంభాషణ పద్ధతి స్థిరపడింది. 1985లో అలాన్ మార్లట్, జుడిత్ గోర్డన్ సంపాదకత్వంలో వెలువడిన గ్రంథం మళ్ళీ అలవాటులో పడకుండా నివారించే పద్ధతికి పునాది వేసింది.

== కౌన్సెలర్ విధులు ==

ఈ వృత్తిలో శిక్షణ ఇచ్చేటపుడు సాధారణంగా పన్నెండు విధులను పేర్కొంటారు.

# ప్రాథమిక పరిశీలన - సమస్య ఉన్నదీ లేనిదీ, ఈ కేంద్రం తగినదీ కానిదీ చూడటం
# చేర్చుకోవడం - వివరాలు, అంగీకారపత్రం తీసుకోవడం
# పరిచయం - కేంద్రం నియమాలు, రోగి హక్కులు వివరించడం
# మదింపు - ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం, అప్పులు, కేసులు మొదలైనవి తెలుసుకోవడం
# చికిత్సా ప్రణాళిక - రోగితో కలిసి లక్ష్యాలు నిర్ణయించడం
# కౌన్సెలింగ్ - వ్యక్తిగతంగా, బృందంగా, కుటుంబంతో
# సేవల సమన్వయం - ఆసుపత్రి, ఉపాధి, న్యాయసహాయం వంటివి కూర్చడం
# అత్యవసర సహాయం - ఆత్మహత్యా ఆలోచనలు, హింస వంటి సందర్భాలలో
# అవగాహన కల్పించడం
# ఇతర నిపుణుల వద్దకు పంపడం
# నివేదికలు, రికార్డులు వ్రాయడం
# సహ నిపుణులతో సంప్రదించడం

== కౌన్సెలింగ్ జరిగే విధానం ==

=== తొలి సమావేశం ===

తొలిసారి వచ్చే వ్యక్తి చాలా సందర్భాలలో తనంతట తానుగా రాడు. భార్యో, తల్లో, అన్నదమ్ములో తీసుకువస్తారు. అందువలన కౌన్సెలర్ మొదట కుటుంబాన్ని కొంతసేపు బయట కూర్చోబెట్టి రోగితో విడిగా మాట్లాడతాడు. "ఎందుకు తాగుతున్నారు?" అని అడిగితే సంజాయిషీ వస్తుంది. "మీ రోజు ఎలా గడుస్తుందో చెప్పండి" అని అడిగితే సమాచారం వస్తుంది.

ఎంత తాగుతున్నదీ తెలుసుకోవడానికి యూనిట్ల లెక్క వాడతారు. ఒక యూనిట్‌లో సుమారు 10 గ్రాముల శుద్ధ ఆల్కహాలు ఉంటుంది. 30 మిల్లీలీటర్ల విస్కీ లేదా బ్రాందీ ఒక యూనిట్ కాగా, 180 మిల్లీలీటర్ల క్వార్టరు సీసా ఆరు యూనిట్లు అవుతుంది. 8 శాతం ఆల్కహాలు గల 650 మిల్లీలీటర్ల బీరు సీసాలో నాలుగు యూనిట్లు ఉంటాయి. "నేను బీరు మాత్రమే తాగుతాను" అనేవారికి ఈ లెక్క చూపించడం తరచుగా మొదటి కనువిప్పు అవుతుంది.

=== మదింపు ప్రశ్నావళులు ===

* ''ఆడిట్'' - ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన పది ప్రశ్నల పట్టిక. మొత్తం 40 మార్కులకు గాను 8 లేదా అంతకు మించి వస్తే హానికర మద్యపానంగా అనుమానిస్తారు.
* ''కేజ్'' - నాలుగు ప్రశ్నలు: తగ్గించాలని అనిపించిందా, ఎవరైనా తప్పుపడితే చిరాకు కలిగిందా, తప్పు చేసిన భావన కలిగిందా, ఉదయం లేవగానే తాగవలసి వస్తున్నదా.
* ''అసిస్ట్'' - మద్యంతో పాటు పొగాకు, గంజాయి, నిద్రమాత్రలు, నల్లమందు జాతి పదార్థాలు మొదలైనవన్నీ కలిపి అడిగే ఎనిమిది ప్రశ్నల పట్టిక.

=== మానివేత దశ ===

కౌన్సెలర్ తప్పనిసరిగా ఎరిగి ఉండవలసిన విషయం మానివేత లక్షణాలు. సంవత్సరాల తరబడి రోజూ ఎక్కువగా తాగే వ్యక్తి ఒక్కసారిగా మానివేస్తే ప్రాణాపాయం కలగవచ్చు. చివరిసారి తాగిన కొద్ది గంటలలోనే వణుకు, చెమటలు, ఆందోళన మొదలవుతాయి. మొదటి రెండు రోజులలో మూర్ఛ రావచ్చు. రెండు నుండి నాలుగు రోజుల మధ్య కొందరిలో సన్నిపాతం వంటి స్థితి ఏర్పడుతుంది. రోగి సమయం, స్థలం మరచి, లేనివి ఉన్నట్లు చూస్తూ భయపడతాడు. దీనికి చికిత్స చేయకపోతే మరణం సంభవించవచ్చు. గ్రామాలలో దీనిని గాలి సోకినట్లుగా పొరబడి విలువైన సమయం పోగొట్టుకోవడం కద్దు.

అందువలన పూర్వం మూర్ఛలు వచ్చినవారిని, ఉదయాన్నే వణుకు తగ్గడానికి తాగేవారిని, నిద్రమాత్రలకు అలవాటుపడినవారిని కౌన్సెలర్ ముందుగా వైద్యుని వద్దకు పంపాలి. ఆసుపత్రిలో బెంజోడయాజిపైన్ మందులు తగ్గించుకుంటూ ఇస్తారు. థయామిన్ అనే బి1 విటమిన్ ఇస్తారు. మానివేత బాధలు సాధారణంగా వారం, పది రోజులలో తగ్గుతాయి. అసలైన కౌన్సెలింగ్ ఆ తరువాతనే మొదలవుతుంది. శరీరం నుండి మత్తు దిగిపోవడాన్నే చికిత్స పూర్తి కావడంగా భావించి ఇంటికి వెళ్ళిపోవడం కుటుంబాలు చేసే సాధారణ పొరపాటు.

== ప్రధాన పద్ధతులు ==

=== ప్రేరణాత్మక సంభాషణ ===

మానాలనే కోరిక, మానలేననే భయం రెండూ ఒకే మనిషిలో ఉంటాయన్నది ఈ పద్ధతికి ఆధారం. మార్పుకు అనుకూలమైన మాటను రోగి నోటి నుండే వచ్చేటట్లు చేయడం దీని లక్ష్యం. ఉదాహరణకు ఒక మేస్త్రీ "పని చేసి వచ్చాక ఒళ్ళు నొప్పులకు తాగుతానండి. కాకపోతే ఈ మధ్య నా కూతురు నాతో మాట్లాడటం మానేసింది" అన్నాడనుకుందాం. నొప్పులకు మందు తాగడం మంచిది కాదని వాదిస్తే సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. "అమ్మాయి మాట్లాడకపోవడం మిమ్మల్ని బాధపెడుతున్నది" అని కౌన్సెలర్ అంటే ఆ వ్యక్తి కూతురి గురించి మాట్లాడతాడు. మానడానికి కారణం అక్కడి నుండి దొరుకుతుంది.

జేమ్స్ ప్రొచాస్కా, కార్లో డిక్లెమెంటె 1983లో వివరించిన మార్పు దశలు కూడా కౌన్సెలర్లకు ఉపకరిస్తాయి. ఆలోచనే లేని దశ, ఆలోచించే దశ, సిద్ధపడే దశ, ఆచరణ, నిలుపుకోవడం అన్నవి ఇందులోని మెట్లు. మొదటి మెట్టు మీద ఉన్నవానికి మానే ఉపాయాలు చెప్పడం వలన ప్రయోజనం ఉండదు.

=== ఆలోచన, ప్రవర్తనల చికిత్స ===

ఏ సమయంలో, ఏ చోట, ఎవరితో ఉన్నపుడు, ఏ ఆలోచన తరువాత యావ కలుగుతున్నదో రోగి చేతనే వ్రాయిస్తారు. జీతం వచ్చిన రోజు, పెళ్ళి, పండుగ, చావు ఇంట దినం వంటి సందర్భాలకు ముందే ప్రణాళిక వేసుకుంటారు. "ఒక్క పెగ్గుకు ఏమవుతుందిరా" అన్న స్నేహితునికి ఏమని జవాబు చెప్పాలో కౌన్సెలర్ ఎదుటే పలికి అభ్యాసం చేస్తారు. యావ సముద్రపు అలవలె లేచి, కొంతసేపటికి తానే విరిగిపోతుందని, ఆ కొంతసేపు గడపడానికి మార్గాలు ఉండాలని నేర్పుతారు.

=== క్లుప్త జోక్యం ===

వ్యసనం ఇంకా ముదరని వారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఐదు నుండి ముప్పై నిమిషాలు మాట్లాడే పద్ధతి ఇది. పరీక్షల ఫలితం చెప్పడం, నిర్ణయం రోగిదేనని స్పష్టం చేయడం, సూటిగా సలహా ఇవ్వడం, రెండు మూడు మార్గాలు చూపడం, సానుభూతి, నమ్మకం కలిగించడం ఇందులోని అంగాలు.

=== పన్నెండు మెట్ల పద్ధతి, స్వయం సహాయక బృందాలు ===

చికిత్సా కేంద్రం నుండి వెళ్ళిన తరువాత ఏళ్ళ తరబడి దొరికే ఆసరా ఇదే. సమావేశాలకు రుసుము ఉండదు. కౌన్సెలర్ రోగిని ఈ బృందాలకు పరిచయం చేస్తాడు గానీ అందులో చేరమని నిర్బంధించడు.

=== మందులతో కలిసి కౌన్సెలింగ్ ===

మద్యపానానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్, డైసల్ఫిరామ్ వంటి మందులు, హెరాయిన్ వంటి నల్లమందు జాతి పదార్థాలకు బుప్రినార్ఫిన్, మెథడోన్ వాడతారు. నల్లమందు జాతి పదార్థాలు మానిన వ్యక్తి శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తి కోల్పోతుంది. మందుల రక్షణ లేకుండా బయటకు వెళ్ళి పాత మోతాదే తీసుకుంటే మరణించే ప్రమాదం ఉన్నది. అందువలన ఈ వర్గం రోగులకు కౌన్సెలింగ్ మాత్రమే సరిపోదు.

డైసల్ఫిరామ్ వాడుతూ మద్యం సేవిస్తే తీవ్రమైన వాంతులు, రక్తపోటు పడిపోవడం, గుండె సమస్యలు రావచ్చు. ఈ మందును రోగికి తెలియకుండా కూరలోనో, మజ్జిగలోనో కలిపి ఇవ్వడం అత్యంత ప్రమాదకరం. "తెలియకుండా తాగుడు మాన్పించే మందు" అన్న ప్రకటనలను నమ్మవద్దని కౌన్సెలర్లు కుటుంబాలను హెచ్చరిస్తారు.

== కుటుంబం పాత్ర ==

వ్యసనం ఒక్కరికే పరిమితం కాదు. భర్త ఉద్యోగానికి వెళ్ళలేనపుడు జ్వరమని ఫోను చేసే భార్య, కొడుకు అప్పులు గుట్టుగా తీర్చే తండ్రి ప్రేమతోనే ఆ పని చేస్తారు. కాని దాని వలన వ్యసనపు ఫలితాలు రోగి వరకు చేరవు. కుటుంబ కౌన్సెలింగ్‌లో ఈ విషయాన్ని నింద లేకుండా వివరిస్తారు. తాగి ఉన్నపుడు వాదించకపోవడం, తాగని రోజున ఆ మంచిని గుర్తించి మాట్లాడటం, ఇంటి ఖర్చుకు డబ్బు విడిగా దాచుకోవడం, హింస జరిగితే ఎక్కడికి వెళ్ళాలో ముందే అనుకోవడం వంటివి నేర్పుతారు. గృహహింస ఉన్న ఇంట్లో భార్యాభర్తలను కలిపి కూర్చోబెట్టడానికి ముందు ఆమె భద్రతను విడిగా విచారించాలి. రోగి చికిత్సకు రాకపోయినా కుటుంబ సభ్యులు తమ కోసం కౌన్సెలింగ్ పొందవచ్చును.

== మళ్ళీ అలవాటులో పడటం ==

మానిన తరువాత తిరిగి మొదలుపెట్టడం మధుమేహం, రక్తపోటు వంటి దీర్ఘకాలిక వ్యాధులు తిరగబెట్టడం వంటిదే. మార్లట్ ఒక్కసారి జారడాన్ని, పూర్తిగా పడిపోవడాన్ని వేరు చేసి చూపాడు. నలభై రోజులు మానిన వ్యక్తి ఒక సాయంత్రం తాగితే "ఇక నా వల్ల కాదు, అంతా పోయింది" అనుకుంటాడు. ఆ నిరాశే అతనిని మరుసటి రోజు మళ్ళీ దుకాణానికి నడిపిస్తుంది. ఆ నలభై రోజులు అతను ఏమి చేసి నిలబడ్డాడో గుర్తు చేసి, జారిన ఒక్క సాయంత్రం ఏమి జరిగిందో వివరంగా పరిశీలించడం ఈ దశలో కౌన్సెలర్ కర్తవ్యం. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట అన్న నాలుగింటిని గమనించుకోమని రోగులకు చెబుతారు.

== వృత్తి నియమాలు ==

* '''గోప్యత''': రోగి చెప్పిన విషయాలు అతని అనుమతి లేకుండా యజమానికి గాని, బంధువులకు గాని చెప్పరాదు. ప్రాణహాని ఉన్నపుడు, న్యాయస్థానం ఆదేశించినపుడు మినహాయింపు ఉంటుంది. పిల్లలపై లైంగిక నేరం తెలిసినపుడు 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అధికారులకు తెలియజేయడం తప్పనిసరి. ఈ హద్దులను మొదటి రోజే రోగికి చెప్పాలి.
* '''అంగీకారం''': చికిత్స స్వభావం వివరించి అంగీకారం తీసుకోవాలి.
* '''హద్దులు''': రోగికి అప్పు ఇవ్వడం, అతనితో వ్యాపారం చేయడం, వ్యక్తిగత సంబంధాలు పెట్టుకోవడం నిషిద్ధం.
* '''పర్యవేక్షణ''': తాను స్వయంగా వ్యసనం నుండి కోలుకున్న కౌన్సెలర్ తన అనుభవాన్ని రోగికి ఉపయోగపడేంత వరకే చెప్పాలి. రోగుల కథలు అతనిలోని పాత యావను లేపే అవకాశం ఉన్నందున సీనియర్ల పర్యవేక్షణ అవసరం.

== భారతదేశంలో ==

1980లో చెన్నైలో శాంతి రంగనాథన్ స్థాపించిన టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ దేశంలో ఈ రంగానికి మార్గదర్శకంగా నిలిచింది. తన భర్త మద్యపానం వలన మరణించిన తరువాత ఆమె ఈ సంస్థను ప్రారంభించారు. 1992లో ఆమెకు పద్మశ్రీ లభించింది. ఘజియాబాదులోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన జాతీయ కేంద్రం, బెంగళూరు నిమ్హాన్స్‌లోని వ్యసన వైద్య విభాగం శిక్షణ, పరిశోధన నిర్వహిస్తున్నాయి. కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ స్వచ్ఛంద సంస్థల ద్వారా నడిచే పునరావాస కేంద్రాలకు నిధులు ఇస్తుంది. 2020 ఆగష్టు 15న నషా ముక్త్ భారత్ అభియాన్ ప్రారంభమైంది. వ్యసన విముక్తి సహాయం కొరకు 14446, మానసిక ఆరోగ్య సలహా కొరకు 14416 నంబర్లు ఉన్నాయి.

2019 ఫిబ్రవరిలో ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారం 10 నుండి 75 సంవత్సరాల వయస్సు వారిలో 14.6 శాతం, అనగా సుమారు 16 కోట్ల మంది మద్యం సేవిస్తున్నారు. వారిలో 5.7 కోట్ల మందికి సహాయం అవసరం. మద్యంపై ఆధారపడిన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందుతున్నది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు 180 మందిలో ఒక్కరు.

=== చట్టాలు ===

1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం ప్రకారం మాదక ద్రవ్యాలు సేవించడం నేరమే అయినా, 64ఎ సెక్షను క్రింద కొద్ది పరిమాణంతో పట్టుబడిన లేదా సేవించిన వ్యసనపరుడు స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు ముందుకు వస్తే ప్రాసిక్యూషన్ నుండి రక్షణ లభిస్తుంది. చికిత్స పూర్తి చేయకపోతే ఈ రక్షణను ఉపసంహరించవచ్చు. పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి రాని యువకులకు ఈ నిబంధన తెలియజేయడం కౌన్సెలర్ల బాధ్యతలలో ఒకటి.

2017 నాటి మానసిక ఆరోగ్య పరిరక్షణ చట్టం మద్యం, మాదక ద్రవ్యాల దుర్వినియోగంతో కూడిన మానసిక స్థితులకూ వర్తిస్తుంది. ఈ చట్టం ప్రకారం రోగిని గొలుసులతో బంధించడం నిషిద్ధం. రోగి సమాచారానికి గోప్యత హక్కు ఉన్నది. కొట్టడం, కట్టివేయడం, బలవంతంగా ఎత్తుకురావడం చికిత్స క్రిందకు రావు.

== తెలుగు రాష్ట్రాలలో ==

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు ప్రారంభించిన సారా వ్యతిరేక ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధించబడింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం అమలై 1997లో సడలించబడింది. నిషేధం సరఫరాను తగ్గిస్తుంది. అప్పటికే వ్యసనపరులైనవారికి చికిత్స విడిగా అందవలసి ఉంటుంది.

తెలంగాణలో కల్తీ కల్లు ప్రత్యేక సమస్య. ఇందులో అల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలుపుతారు. కాబట్టి "కల్లు మాత్రమే తాగుతాను" అనే వ్యక్తి నిజానికి నిద్రమాత్రలకు అలవాటుపడి ఉండవచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వలన కల్లు దుకాణాలు మూతపడినపుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి మూర్ఛలు, మతిభ్రమణ లక్షణాలతో రోగులు పెద్ద సంఖ్యలో వచ్చారు. 2025 జూలైలో హైదరాబాదులోని కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు సేవించి పలువురు మరణించారు. ఈ కారణంగా తెలంగాణలో పనిచేసే కౌన్సెలర్లు కల్లు అలవాటు గురించి విడిగా అడిగి, వైద్యుని పర్యవేక్షణలో మాత్రమే మానమని సూచించవలసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల వ్యసన చికిత్సకు ఒక ప్రధాన కేంద్రం.

== ఫలితాలు, పరిమితులు ==

అమెరికాలో 1,726 మందితో నిర్వహించి 1997లో ఫలితాలు ప్రకటించిన ప్రాజెక్ట్ మ్యాచ్ అధ్యయనంలో ఆలోచన-ప్రవర్తన చికిత్స, ప్రేరణ పెంపు, పన్నెండు మెట్ల పద్ధతి మూడూ దాదాపు సమానమైన ఫలితాలు ఇచ్చాయి. గోవాలోని పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో హానికరంగా మద్యం తాగే 377 మంది పురుషులపై జరిగిన పరిశోధన 2017లో ''లాన్సెట్'' పత్రికలో వెలువడింది. మానసిక వైద్యంలో పట్టాలు లేని, శిక్షణ పొందిన స్థానిక కౌన్సెలర్లు కొద్దిపాటి సమావేశాలు నిర్వహించారు. మూడు నెలల తరువాత కౌన్సెలింగ్ పొందినవారిలో 36 శాతం, మామూలు సంరక్షణ మాత్రమే పొందినవారిలో 26 శాతం సమస్య నుండి బయటపడ్డారు. నిపుణుల కొరత ఉన్న దేశంలో ఈ ఫలితం ముఖ్యమైనది. అదే సమయంలో, కౌన్సెలింగ్ పొందినవారిలో అధికసంఖ్యాకులు మూడు నెలలకు ఇంకా కోలుకోలేదన్నదీ ఈ అంకెలే తెలుపుతున్నాయి. వారికి మరింత కాలం సహాయం కొనసాగవలసి ఉంటుంది.

== ఇవి కూడా చూడండి ==

* మద్యపానం
* సారా వ్యతిరేక ఉద్యమం
* మాదక ద్రవ్యాలు
* మానసిక వైద్యశాస్త్రం
* ఆల్కహాలిక్స్ అనానిమస్